కారు ఇంజన్ ఎందుకు పోయింది? కారణం పట్టుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజన్లు విప్పి బిగించే పనిలో ఉన్నవాణ్ణి. ఈ ప్రశ్నలు నాకు రోజూ ఎదురయ్యేవే. అడిగే మనిషి మారతారు, కారు మారుతుంది, ప్రశ్న మాత్రం మారదు. కొందరు రాత్రిపూట రోడ్డు పక్కన నిలబడి ఫోన్ చేసి మరీ అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీ బండి ఏ దశలో ఉందో అక్కడికి నేరుగా వెళ్లి చదువుకోండి. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగానే ఉంటుంది. ముందే ఒక మాట: విరిగిన పార్టు వేరు, అది విరగడానికి కారణం వేరు. "రాడ్ విరిగింది" అని తేలితే పని సగం కూడా కాలేదు.

## రోడ్డు మీద ఆగిపోయినప్పుడు

నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఆగిపోయింది. ఇంకోసారి సెల్ఫ్ కొట్టి చూడొచ్చా?

ఆగేముందు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. శబ్దమేమీ లేకుండా, ఎవరో స్విచ్ నొక్కినట్టు ఆగిపోతే ఒకసారి కొట్టి చూడొచ్చు. చాలాసార్లు అది ఫ్యూయల్ పంపో, సెన్సారో, ఫ్యూజో అయి ఉంటుంది. అయితే సెల్ఫ్ మామూలు కన్నా తేలిగ్గా, గిర్రున తిరిగితే వెంటనే ఆపేయండి, టైమింగ్ బెల్ట్ (క్రాంక్‌తో వాల్వులని లయ తప్పకుండా నడిపే బెల్ట్) తెగి ఉండొచ్చు. లోపల ఏదో కొట్టుకున్న శబ్దం వచ్చినా, టెంపరేచర్ ఎరుపులోకి వెళ్లినా, నీళ్లలోంచి వెళ్తుండగా ఆగినా అసలు తాళం ముట్టుకోవద్దు.

ఇంజన్ ఆగాక ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు వెలగడం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఆయిల్ లైటు ఇంజన్ ఆగకముందు వెలిగిందా, ఆగాక వెలిగిందా అన్నదే లెక్క. మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న కూడా అదే, మర్చిపోకుండా ఫోన్లో రాసి పెట్టుకోండి.

ఎర్ర ఆయిల్ లైటు రెండు నిమిషాలే వెలిగింది. అంతలోనే ఇంజన్ పోతుందా?

పోతుంది. ఆ లైటు ఆయిల్ ఎంత ఉందో చెప్పదు. ప్రెషర్ పడిపోయిందని చెబుతుంది. దాని స్విచ్ చాలా కార్లలో 0.3 నుంచి 0.5 బార్ (ప్రెషర్ కొలత) దగ్గర గానీ లైటు వెలిగించదు. నడిచే ఇంజన్‌కి ప్రతి 1000 ఆర్‌పీఎంకి సుమారు 0.7 బార్ ఉండాలని మా లెక్క. అంటే 3000 ఆర్‌పీఎం మీద వెళ్తున్నప్పుడు లైటు వెలిగిందంటే ప్రెషర్ పడిపోవడం ఎప్పుడో మొదలైందన్నమాట. క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) బేరింగుల్లో ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర చెదిరితే లోహానికి లోహం రాసుకుంటుంది. హైవే స్పీడులో బేరింగ్ పాడవడానికి ఒక్క నిమిషం చాలు.

టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది. అయినా వేడెక్కి పోయిందంటున్నారు, అదెలా?

ముల్లుని కదిపే సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. పైపు పగిలి కూలెంట్ ఒక్కసారిగా కారిపోతే సెన్సార్ చుట్టూ ఆవిరి, గాలి మిగులుతాయి. హెడ్ (సిలిండర్లని పైన మూసే భాగం) కాలిపోతున్నా ముల్లు కదలదు, ఒక్కోసారి కిందికి కూడా దిగుతుంది. దానికి తోడు, ఈ మధ్య వచ్చే చాలా కార్లలో ముల్లుని కావాలనే మధ్యలో ఆగేలా పెడతారు. టెంపరేచర్ కొంత పెరిగినా అది కదలదు, కదిలేసరికి ఆలస్యమైపోతుంది. కాబట్టి "ముల్లు కిందే ఉంది" అన్నంత మాత్రాన వేడి కాలేదని అనుకోలేం.

పొగలు వస్తున్నాయి. రేడియేటర్ మూత తీసి నీళ్లు పోయొచ్చా?

వద్దు. మూత లోపల సుమారు 1 బార్ అదనపు ప్రెషర్ ఉంటుంది కాబట్టి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తిప్పిన క్షణంలో అవి ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి. రేడియేటర్ పై పైపుని చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే తీయాలి. అప్పుడైనా బాగా వేడిగా ఉన్న హెడ్‌లోకి చల్లటి నీళ్లు ఒక్కసారిగా పోయకండి, పగుళ్లు వస్తాయి.

నీళ్లలో ఆగిపోయింది. రెండ్రోజులు ఆరబెట్టి స్టార్ట్ చేస్తే సరిపోతుందా?

బయట ఆరినా సిలిండర్‌లో చేరిన నీళ్లు అక్కడే ఉంటాయి. గాలి అణుగుతుంది, నీళ్లు అణగవు. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు దానికి నీళ్లు అడ్డం పడితే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) వంగిపోతుంది. నీళ్లలో ఆగినప్పుడు వంగకుండా మిగిలిన రాడ్, తర్వాత సెల్ఫ్ కొట్టడం వల్ల వంగిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. ఫిల్టర్ తడిసి, దాని వెనక పైపులో కూడా నీళ్లుంటే లోపలికి వెళ్లినట్టే. స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ అయితే గ్లో ప్లగ్గులు గానీ ఇంజెక్టర్లు గానీ తీసేసి అప్పుడు తిప్పాలి. నీళ్లు ఆ రంధ్రాల్లోంచి చిమ్ముకుంటూ బయటికొస్తాయి. తర్వాత ప్రతి పిస్టన్ ఎంత పైకి వస్తుందో కొలవాలి. రాడ్ వంగిన సిలిండర్‌లో పిస్టన్ మిగతావాటి కన్నా కిందే ఆగుతుంది. కొద్దిగా వంగిన రాడ్‌తో బండి వారాల తరబడి నడుస్తుంది కూడా. ఆ తర్వాత ఒకరోజు విరిగి బ్లాక్‌కి, అంటే సిలిండర్లున్న ఇంజన్ ఒంటికి, కన్నం పెడుతుంది. అప్పటికి ఓనర్‌కి ఆ నీళ్ల సంగతే గుర్తుండదు.

## సెల్ఫ్ కొట్టి చూసే దశ

సెల్ఫ్ కొడితే "టక్" అని ఒక్క శబ్దం, ఇంకేం లేదు. ఇంజన్ జామ్ అయినట్టేనా?

కాకపోవచ్చు. ముందు బ్యాటరీ చూడండి. కదలకుండా ఉన్నప్పుడు 12.6 వోల్టులుంటే పూర్తిగా చార్జ్ ఉన్నట్టు, 12.2 దగ్గరుంటే సగమే ఉన్నట్టు. సెల్ఫ్ కొట్టినప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. టెర్మినల్ వదులైనా, ఇంజన్‌కి వెళ్లే ఎర్త్ వైరు తుప్పు పట్టినా ఇదే శబ్దం వస్తుంది. బ్యాటరీ, వైర్లు, సెల్ఫ్ మోటార్ మూడూ బాగున్నాయని తేలాకే ఇంజన్ మీద అనుమానపడాలి.

జామ్ అయిందో లేదో చేత్తో ఎలా చూడాలి?

గేర్ న్యూట్రల్‌లో పెట్టి, ప్లగ్గులు తీసి, క్రాంక్ పుల్లీ బోల్టుకి పొడుగు హ్యాండిల్ పానా తగిలించి, ఇంజన్ మామూలుగా తిరిగే వైపే నెమ్మదిగా తిప్పాలి. అస్సలు కదలకపోతే ఏసీ, ఆల్టర్నేటర్‌ని తిప్పే బయటి బెల్ట్ తీసేసి మళ్లీ ప్రయత్నించండి. ఏసీ కంప్రెసరో, ఆల్టర్నేటరో బిగుసుకుపోయి ఇంజన్‌ని ఆపేస్తున్న కేసులు చాలాసార్లు చూశాను. బెల్ట్ తీశాక హాయిగా తిరిగితే మీరు పెద్ద ఖర్చు తప్పించుకున్నట్టే.

కొంత తిరిగి ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందంటే పిస్టన్‌కి ఏదో అడ్డం పడుతోంది. అది వంగిన వాల్వో, లోపల పడిన ముక్కో అయి ఉంటుంది. ఏ వైపుకీ వెంట్రుకవాసి కూడా కదలకపోతే బేరింగో పిస్టనో పట్టేసినట్టు. బలం పెట్టి గుంజకండి. బలవంతంగా తిప్పితే పట్టేసిన చోట ఉన్న గుర్తులు చెరిగిపోతాయి, ఆ గుర్తులతోనే తర్వాత పని ఉంటుంది.

సెల్ఫ్ ఎప్పటికన్నా స్పీడుగా, ఒకే రాగంలో తిరుగుతోంది. ఏమై ఉంటుంది?

బాగున్న ఇంజన్ తిరిగేటప్పుడు ప్రతి కంప్రెషన్ దగ్గరా కాస్త బరువెక్కి మళ్లీ తేలికవుతుంది. ఆ లయ పోయి ఒకటే గిర్రుమంటే కంప్రెషన్ లేదన్నమాట. ఎక్కువసార్లు దానికి కారణం టైమింగ్ బెల్ట్ తెగడమో, చైన్ జారడమో. ఆయిల్ పోసే మూత తీసి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని లోపలికి చూడండి. క్యామ్ షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు) తిరగకపోతే సంగతి తేలిపోయినట్టే. వాల్వుల దారిలోకి పిస్టన్ వచ్చే రకం ఇంజన్లలో వాల్వులు వంగి ఉండే అవకాశం ఎక్కువ.

బెల్ట్ తెగిందని తెలిశాక అది ఎలా తెగిందో చూడండి. పళ్లు ఒకేచోట వరసగా గీరుకుపోయి ఉంటే ఏదో పుల్లీ పట్టేసింది, వాటర్ పంపుని అనుమానించాలి. ఒక అంచు పీచుపీచుగా ఉంటే టెన్షనర్ వంకరగా నడిచింది. ఆయిల్‌లో నాని మెత్తబడి ఉంటే ఏదో సీల్ లీకవుతోంది. కొత్త బెల్ట్ ఒక్కటే వేసి వదిలేస్తే అది కూడా అలాగే తెగుతుంది.

సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, స్టార్ట్ మాత్రం అవ్వట్లేదు. ఇంజన్ విప్పాలంటున్నారు. విప్పనా?

అప్పుడే వద్దు. ఇంజన్ నడవడానికి ఫ్యూయల్, గాలి, స్పార్క్, కంప్రెషన్, వీటన్నిటికీ సరైన టైమింగ్ కావాలి. వీటిలో కంప్రెషన్, టైమింగ్ తప్ప మిగతావి పోతే ఇంజన్ విప్పే పనే లేదు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు జుమ్మని మోగాలి. కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ తగిలించి సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడండి. ఇంజన్ తిరుగుతున్నా స్కానర్ సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సారో దాని వైరో పోయింది. ఈ సెన్సార్‌కి ఒక అలవాటుంది, వేడెక్కితే పనిచేయదు, చల్లారితే మళ్లీ పనిచేస్తుంది.

ఒక కారు ఇలాగే మా దగ్గరికి టోయింగ్‌లో వచ్చింది. అంతకుముందు చూసినవాళ్లు ఇంజన్ మార్చాలని తేల్చేశారట. చూస్తే ఆ సెన్సార్ వైరుని ఎలుక కొరికేసింది, రాగి తీగలు రెండు వెంట్రుకల్లా మిగిలి ఉన్నాయి. వైరు అతికించాం, బండి స్టార్ట్ అయింది. ఓనర్‌కి ముందు సంతోషం, ఆ తర్వాత ఒళ్లుమండే కోపం.

స్కానర్ పెడితే కోడ్ వచ్చింది. అదే కారణమా?

కోడ్ ఒక లక్షణం మాత్రమే. పి0301 అంటే మొదటి సిలిండర్ సరిగ్గా మండట్లేదని. ఎందుకు మండట్లేదో అందులో ఉండదు. పి0016 అంటే క్రాంక్, క్యామ్ ఒకదానితో ఒకటి కుదరట్లేదని. అది జారిన చైన్ కావచ్చు, ఉత్త సెన్సార్ వైరే కావచ్చు. పి0524 ఆయిల్ ప్రెషర్ బాగా తగ్గిందని, పి0217 ఇంజన్ అతిగా వేడెక్కిందని చెబుతాయి.

కోడ్ కన్నా విలువైనది దాంతో పాటు నిలిచే ఫ్రీజ్ ఫ్రేమ్. కోడ్ పడిన క్షణంలో స్పీడు, ఆర్‌పీఎం, టెంపరేచర్, లోడ్ ఎంతెంత ఉన్నాయో అందులో ఉంటుంది. ముందు దాన్ని ఫొటో తీసుకోండి. ఆ తర్వాతే బ్యాటరీ వైరు పీకడం, కోడ్ చెరపడం. చెరిపేశాక మళ్లీ రాదు.

ఇంజన్ నడుస్తోంది గానీ శబ్దం వస్తోంది. ఏ శబ్దం దేనిది?

పైనుంచి సన్నగా టిక్ టిక్‌మంటే వాల్వుల వైపు చూడాలి. వీటి శబ్దం ఇంజన్ స్పీడులో సగం లయతో వస్తుంది. కింది నుంచి బరువుగా, సుత్తితో కొట్టినట్టు వచ్చి, లోడ్ పడ్డప్పుడు పెరిగితే అది రాడ్ బేరింగ్. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఉండి వేడెక్కాక తగ్గితే అది ఎక్కువగా పిస్టన్ గోడకి తగిలే శబ్దం. స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లు గొలుసు ఊగినట్టు గలగలమంటే టైమింగ్ చైన్. ఎక్కుడు ఎక్కుతుంటే డబ్బాలో గులకరాళ్లు ఆడినట్టు వినిపిస్తే ఫ్యూయల్ వేళ కాని వేళ మండుతోంది.

కాసేపు ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ పీకుతూ వినండి. ఏ సిలిండర్ ఆపినప్పుడు శబ్దం తగ్గితే ఆ సిలిండర్ రాడ్ బేరింగో పిస్టనో దోషి. అది రాడ్ బేరింగ్ శబ్దమని తేలితే ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. అక్కడ ఆపితే బేరింగులతోనో, క్రాంక్ గ్రైండింగ్‌తోనో పోతుంది. నడిపితే బ్లాకే పోవచ్చు.

## విప్పకముందు చేసే పరీక్షలు

డిప్ స్టిక్ తీసి చూస్తే ఏం తెలుస్తుంది?

నల్లగా ఉందా అన్నది పెద్దగా పనికిరాదు. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ మార్చిన వారానికే నల్లబడుతుంది. లెవల్ పెరిగిందా చూడండి. తరిగితే అందరూ కంగారుపడతారు, పెరిగితే ఎవరూ పట్టించుకోరు. పెరిగిందంటే కూలెంటో ఫ్యూయలో ఆయిల్‌లో కలుస్తోంది. దగ్గర దగ్గర ప్రయాణాలే చేసే డీజిల్ కార్లలో, పొగ ఫిల్టర్ తనని తాను శుభ్రం చేసుకునే పని మధ్యలో ఆగిపోయి డీజిల్ ఆయిల్‌లోకి దిగుతూ ఉంటుంది. ఆయిల్ పలచబడి బేరింగులు తింటుంది.

చుక్క ఆయిల్‌ని తెల్ల కాగితం మీద వేసి ఎండలో వంచి చూడండి. మెరుపు రజను కనిపిస్తే లోహం అరుగుతోంది. వాసన చూడండి, పెట్రోల్ ఘాటు ఇట్టే తెలిసిపోతుంది.

ఆయిల్ మూత కింద తెల్లటి నురుగు ఉంది. హెడ్ గ్యాస్కెట్ పోయినట్టేనా?

హెడ్ గ్యాస్కెట్ అంటే హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్. నురుగు మూత కిందే ఉండి, డిప్ స్టిక్ మీద ఆయిల్ మామూలుగా ఉంటే కాకపోవచ్చు. చల్లటి వాతావరణంలో రోజూ నాలుగైదు కిలోమీటర్లే నడిపే బండిలో ఆవిరి అలా పేరుకుంటుంది. డిప్ స్టిక్ మీద కూడా తెల్లగా చిక్కగా ఉండి, కూలెంట్ తరుగుతుంటే మాత్రం గ్యాస్కెట్, ఆయిల్ కూలర్, పగిలిన హెడ్ మూడింటినీ అనుమానించాలి. కూలెంట్ ట్యాంకులోకి మండిన గ్యాస్ వస్తోందేమో రంగు మారే ద్రవంతో చూస్తారు. పెట్రోల్ ఇంజన్‌లో నీలం పసుపుగా మారితే గ్యాస్ వస్తున్నట్టు.

కంప్రెషన్ టెస్ట్ చేశారు, నాలుగు నంబర్లు ఇచ్చారు. వాటిని ఎలా అర్థం చేసుకోవాలి?

ముందు టెస్ట్ సరిగ్గా చేశారో అడగండి. ఇంజన్ వేడిగా ఉండాలి, అన్ని ప్లగ్గులూ తీసి ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉండాలి, ఫ్యూయల్, స్పార్క్ ఆపి ఉండాలి, బ్యాటరీ గట్టిగా ఉండాలి. వీటిలో ఏది తప్పినా నంబర్లు తప్పుతాయి.

పెట్రోల్ ఇంజన్లలో సాధారణంగా 10 నుంచి 14 బార్ వస్తుంది, డీజిల్‌లో 20 నుంచి 30 బార్ దాకా. ఖచ్చితమైన అంకె ఆ ఇంజన్ మాన్యువల్‌లో చూడాలి. అంకె ఎంతన్నదాని కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నిటికన్నా తక్కువది, అన్నిటికన్నా ఎక్కువదానిలో 75 శాతం కన్నా తగ్గకూడదన్నది మా లెక్క. ఉదాహరణకి 12, 12, 6, 6 వచ్చాయనుకోండి. పక్కపక్కన ఉన్న రెండూ పడిపోయాయంటే వాటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయి ఉండే అవకాశం ఎక్కువ. నాలుగూ ఒకేలా తగ్గితే పాత ఇంజన్ అరుగుదలో, టైమింగ్ జారడమో.

పెట్రోల్ ఇంజన్ అయితే తగ్గిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. నంబర్ బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వో గ్యాస్కెట్టో.

లీక్ డౌన్ టెస్ట్ అంటే ఏంటి? కంప్రెషన్ చూశాక అది కూడా కావాలా?

కంప్రెషన్ టెస్ట్ ఏ సిలిండర్ జబ్బుపడిందో చెబుతుంది, లీక్ డౌన్ జబ్బు ఎక్కడుందో చూపిస్తుంది. నాకు ఒక్క పరీక్షే చేయనిస్తే దీన్నే ఎంచుకుంటాను. పిస్టన్‌ని కంప్రెషన్‌లో పైకొచ్చిన చోట ఆపి, ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కించి, అది ఎక్కడికి పోతోందో చెవి పెట్టి వింటారు. సైలెన్సర్ గొట్టంలో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్. ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్. ఆయిల్ మూత దగ్గరైతే రింగులు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే గ్యాస్కెటో, పగులో. పది శాతం లోపు లీక్‌కి కంగారు అక్కర్లేదు, పాతిక దాటితే ఉపేక్షించకూడదు. గాలి ఎక్కించగానే ఇంజన్ తిరగొచ్చు, పుల్లీ మీద పానా వదిలేసి ఉంటే అది ఎగిరి తగులుతుంది. జాగ్రత్త.

విప్పకుండా లోపల చూడటం కుదరదా?

కుదురుతుంది. ప్లగ్ రంధ్రంలోంచి సన్న కెమెరా దింపుతారు. నాలుగు పిస్టన్లలో మూడు నల్లగా మసిపట్టి, ఒకటి మాత్రం కడిగినట్టు తళతళలాడుతూ కనిపించిందనుకోండి, ఆ సిలిండర్‌లోకి కూలెంట్ వస్తోంది. అది ఆవిరై పిస్టన్‌ని రోజూ కడుగుతోంది. పిస్టన్ నెత్తిన నెలవంక ఆకారంలో గాటుంటే వాల్వ్ తగిలింది. గోడ మీద నిలువు గీతలుంటే పిస్టన్ పట్టింది.

పొగ రంగుని నమ్మొచ్చా?

కొంతవరకు. నీలం అయితే ఆయిల్, నలుపు అయితే ఫ్యూయల్ ఎక్కువ, వేడెక్కాక కూడా ఆగని తెలుపు అయితే కూలెంట్. డీజిల్‌లో మండని ఫ్యూయల్ కూడా తెల్లగానే వస్తుంది.

ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తామంటున్నారు. దానివల్ల లాభం ఏంటి?

బేరింగుల నుంచి ఊడిన లోహం చివరికి చేరేది అక్కడికే. ఫిల్టర్ డబ్బా కోసి, లోపలి మడతల కాగితం విప్పి పరిచి చూస్తాం. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము, అంటే చైన్, క్యామ్ లాంటివి. అంటుకోకుండా వెండిలా మెరిస్తే అల్యూమినియం, అది పిస్టన్ నుంచో బేరింగ్ నుంచో వస్తుంది. రాగి రంగు రేకులు కనిపిస్తే బేరింగ్ పై పొర పోయి కింది పొర బయటపడింది. పాత ఫిల్టర్‌ని చెత్తబుట్టలో వేయనివ్వకండి.

## విప్పాక

ఇంజన్ విప్పేటప్పుడు నేను దగ్గర ఉండాలా?

ఉండగలిగితే మంచిది, కనీసం ఫొటోలు అడగండి. ఏ పార్టూ కడగకముందే ఫొటో తీయాలి. బేరింగులు ఏ సిలిండర్‌వో, పైదో కిందిదో రాసి వరసగా పెట్టాలి. డీజిల్‌తో కడిగి ఒకే ట్రేలో కుప్పగా పోసిన పార్టుల నుంచి ఏ మెకానిక్కూ కారణం చెప్పలేడు. సంప్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) తీశాక అడుగున ఏముందో కూడా చూసుకోండి. విరిగిన ముక్కలు చాలాసార్లు అక్కడే దొరుకుతాయి.

బేరింగులు చూసి కారణం చెబుతారంటారు. ఎలా చెబుతారు?

ఇంజన్ పోయినప్పుడు నేను మొదట తీసేది వీటినే. అరచేతిలో పట్టే ఆ అర్ధచంద్రాకారపు రేకుల మీద జరిగిందంతా అచ్చుపడి ఉంటుంది.

అన్ని బేరింగులూ నున్నగా రుద్దుకుపోయి, వేడికి రంగు మారి ఉంటే ఇంజన్ మొత్తానికీ ఆయిల్ అందలేదు. స్ట్రైనర్ (ఆయిల్ పీల్చే చోటి జాలీ), ఆయిల్ పంపు, లెవల్ చూడాలి. ఒక్క రాడ్ బేరింగే పోయి మిగతావి కొత్తవాటిలా ఉంటే ఆ ఒక్కదానికే ఏదో అయింది. దానికెళ్లే ఆయిల్ దారి మూసుకుపోయి ఉండొచ్చు, బోల్టు సరిగ్గా బిగించి ఉండకపోవచ్చు. అన్ని రాడ్ బేరింగుల్లోనూ పై షెల్ (బేరింగ్ రెండు రేకుల్లో పైది) మాత్రమే దెబ్బతిని కింది షెల్ బాగుంటే ఇంజన్ మీద మోయలేని లోడ్ పడింది, ఎందుకంటే మంట దెబ్బని మోసేది పై షెల్లే. సన్నటి గీతలు పడి, గుచ్చుకున్న రేణువులు కనిపిస్తే ఆయిల్‌లో మురికి ఉంది. ఇంతకుముందు ఎవరో ఇంజన్ విప్పి సరిగ్గా కడగకుండా బిగించిన బండ్లలో ఇది తరచూ చూస్తాను.

పిస్టన్ పట్టేసింది అన్నారు. ఎందుకు పట్టేస్తుంది?

ఒక్కటే పట్టిందా, అన్నీ పట్టాయా చూడండి. అన్నీ అయితే కూలింగో ఆయిలో ఫెయిలయింది. ఒక్కటే అయితే ఆ సిలిండర్ ఇంజెక్టర్‌ని టెస్ట్ చేయించాలి. అది సరిగ్గా చిమ్మకుండా కారితే ఫ్యూయల్ గోడ మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. డీజిల్‌లో అదే ఇంజెక్టర్ పిస్టన్ నెత్తిని కరిగించి కన్నం కూడా పెడుతుంది. పిస్టన్ అంచులు ఇసుకతో కొట్టినట్టు గుంటలు పడితే, రింగుల మధ్య గట్టు విరిగితే, ఫ్యూయల్ అదుపు తప్పి మండింది.

"హెడ్ గ్యాస్కెట్ పోయింది, మార్చేస్తే సరి" అన్నారు. నిజమేనా?

గ్యాస్కెట్ దానంతటది పోవడం తక్కువ. ఎక్కువసార్లు ఇంజన్ ముందు వేడెక్కుతుంది, అల్యూమినియం హెడ్ వంగుతుంది, ఆ తర్వాత గ్యాస్కెట్ పోతుంది. అల్యూమినియం వేడికి ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే ఇనుప బ్లాక్ మీద బిగించిన హెడ్ వేడెక్కితే ఇబ్బంది పడుతుంది.

కాబట్టి ఇంజన్ ఎందుకు వేడెక్కిందో తేలాలి. ఫ్యాన్ తిరుగుతోందా? థర్మోస్టాట్‌ని నీళ్లలో వేడిచేసి చూశారా? అది మామూలుగా 82 నుంచి 92 డిగ్రీల మధ్య తెరుచుకోవాలి. వాటర్ పంపు లోపలి రెక్కలు ఉన్నాయా, తుప్పు తినేసిందా? ఏళ్ల తరబడి కూలెంట్ బదులు ఉత్త నీళ్లు పోసిన ఇంజన్లలో ఆ రెక్కలు అరిగి బొడిపెల్లా మిగులుతాయి, పంపు బయటికి మాత్రం చక్కగా తిరుగుతుంటుంది. హెడ్ మీద స్కేల్ అడ్డంగా పెట్టి ఫీలర్ గేజ్‌తో (సన్నటి కొలత రేకులతో) వంపు కొలిచారా అని కూడా అడగండి. చాలా హెడ్లకి 0.05 మి.మీ. దాటితే ప్లేనింగ్ (మిషన్ మీద చదును) చేయాల్సిందే.

రాడ్ విరిగి బ్లాక్‌కి కన్నం పడింది. ఇంత నాశనమయ్యాక కారణం తెలుస్తుందా?

విరిగిన చోటు చూస్తే తెలుస్తుంది, ముక్కలు జాగ్రత్తగా ఏరితే. విరుపు మీద గవ్వ మీద ఉండే లాంటి వంపు గీతలు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తే, చిన్న పగులు చాలాకాలం పెరుగుతూ వచ్చి చివరికి తెగింది. అలా లేకుండా మొత్తం గరుకుగా ఉంటే ఒక్క దెబ్బకి విరిగింది. రాడ్ వంగి విరిగిందా, నీలంగా కాలి విరిగిందా చూడాలి. నీలం రంగు ఉంటే ముందు బేరింగ్ పోయింది, రాడ్ తర్వాత పోయింది. వంపు మాత్రమే ఉండి బేరింగ్ బాగుంటే నీళ్ల కథ అయి ఉండొచ్చు.

ఆయిల్ టైముకి మార్చాను, లెవల్ సరిగ్గానే ఉంది. అయినా ఆయిల్ అందక పోయిందంటున్నారు?

సంప్‌లో ఆయిల్ ఉండటం వేరు, బేరింగ్ దాకా చేరడం వేరు. సంప్ అడుగున ఆయిల్ పీల్చే జాలీ ఉంటుంది. దాన్ని ఊడదీసి చూపించమనండి. అందులో గడ్డకట్టిన మడ్డి ఉండొచ్చు. సంప్ అతికించేటప్పుడు ఎక్కువ పూసిన సీలెంట్ పురికొసల్లా ఊడి చేరి ఉండొచ్చు. ఆయిల్‌లో తడుస్తూ నడిచే బెల్ట్ ఉన్న ఇంజన్లలో ఆ బెల్ట్ పొట్టు రాలి జాలీని మూసేయవచ్చు. తప్పు గ్రేడ్ ఆయిల్ పోసినా అలాంటి బెల్ట్ త్వరగా పాడవుతుంది.

టర్బో పోయింది. ఇంజన్‌కి సంబంధం ఉందా?

ఉంది. టర్బో తిరిగేది లక్ష ఆర్‌పీఎంకి పైన, ఆయిల్ కాసేపు అందకపోతే తట్టుకోలేదు. దానికెళ్లే ఆయిల్ పైపు మసితో మూసుకుపోయిందేమో చూడకుండా కొత్త టర్బో వేస్తే అది కూడా పోతుంది. విరిగిన రెక్క ముక్కలు ఇంటర్‌కూలర్‌లో మిగిలాయేమో కూడా వెతకాలి.

డీజిల్ కార్లో పెట్రోల్ పోశారు. స్టార్ట్ చేయలేదు. ప్రమాదమా?

స్టార్ట్ చేయకపోతే ట్యాంక్ ఖాళీ చేయించి, కడిగించి నడుపుకోవచ్చు. తాళం ఆన్ చేసినా కొన్ని కార్లలో ట్యాంక్ పంపు తిరుగుతుంది, అదీ చేయొద్దు. హై ప్రెషర్ పంపుకి డీజిలే గ్రీజు. పెట్రోల్‌తో అది అరిగి ఆ రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది.

## ఏం చేయాలో తేల్చుకునే దశ

కారణం తర్వాత చూద్దాం, ముందు వేరే ఇంజన్ వేయించేస్తే?

వేయించొచ్చు, రెండోది కూడా అలాగే పోతే ఆశ్చర్యపోకండి. పాత ఇంజన్ లోహపు రజను ఆయిల్ కూలర్‌లో దాక్కుంటుంది. దాన్ని ఎంత కడిగినా పూర్తిగా పోదు, కొత్తది వేయడమే మంచిది. ఇంజన్ వేడెక్కి పోయి ఉంటే పాత రేడియేటర్, పాత ఫ్యాన్ స్విచ్ కొత్త ఇంజన్‌కీ అదే పని చేస్తాయి.

ఇన్సూరెన్స్ గానీ వారంటీ గానీ అడగాలంటే?

వాళ్ల మనిషి వచ్చి చూసేదాకా ఏదీ విప్పించకండి. ఎక్కడ, ఎలా ఆగిందో ఫొటోలు, కిలోమీటర్ రీడింగ్, సర్వీస్ బిల్లులు దాచండి. తీసిన ఆయిల్‌ని కూడా శుభ్రమైన సీసాలో కొంచెం పట్టి పెట్టుకోండి. పాడైన పార్టులు చేతికి వచ్చాక కూడా గొడవ తేలేదాకా పారేయొద్దు.

ఇద్దరు మెకానిక్‌లు రెండు కారణాలు చెప్పారు. ఎవరిని నమ్మాలి?

ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: "మీరు చెప్పింది నిజమైతే ఇంకా ఏం కనిపించాలి? ఏది కనిపించకూడదు?" ఇంజన్ వేడెక్కి పోయిందంటే హెడ్ వంపు కనిపించాలి. ఇంజన్ మొత్తానికీ ఆయిల్ అందలేదంటే అన్ని బేరింగుల మీదా గుర్తుండాలి. దానికి జవాబుగా పార్టు చేతికిచ్చి చూపించేవాణ్ణి నమ్మండి. అనుభవం మీద చెబుతున్నానని మాత్రమే అనేవాడి మాట తప్పని కాదు, కానీ కొలత అడగండి.

ఎంత వెతికినా కారణం తేలకపోవచ్చా?

తేలకపోవచ్చు. బాగా కాలిపోయిన ఇంజన్లలో, ముక్కలు దొరకనివాటిలో, కడిగేసి తెచ్చినవాటిలో "ఇది కాదు, ఇది కాదు" అని కొట్టేసుకుంటూ పోయి రెండు అనుమానాల దగ్గర ఆగిపోతాం. అప్పుడు ఆ రెండింటికీ మందు వేసి బిగిస్తాం. జాలీ మారుస్తాం, ఇంజెక్టర్లు టెస్ట్ చేస్తాం, పంపు కొత్తది వేస్తాం. బిల్లు మీద "కారణం నిర్ధారణ కాలేదు" అని రాసి ఇస్తాను. కొందరికి అది నచ్చదు. అయినా వెయ్యి కిలోమీటర్లకి ఫిల్టర్ కోసి చూద్దాం, మళ్లీ రమ్మని చెబుతాను.